ఇంటికెళ్తే ఫోనుండదు కదమ్మా: బెంగళూరు నుంచి ఒక కేసు

పెద్దావిడకు 61 ఏళ్లు. మూడు నెలలుగా కడుపులో మంట, అర్ధరాత్రి రెండింటికి మెలకువ, ఉన్నట్టుండి గుండె దడ. కోడలు ఆఫీసుకి సెలవులు పెట్టుకుని మరీ ఆస్పత్రులకు తిప్పింది. ఎండోస్కోపీలో ఏమీ లేదు. ఈసీజీ బాగుంది. థైరాయిడ్, షుగరు, బీ12, హిమోగ్లోబిన్ అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. చివరికి కడుపు డాక్టరుగారు "గ్యాస్ మాత్రలు మార్చి మార్చి రాయడం నాకే బాగాలేదు, ఒకసారి కౌన్సెలర్‌కి చూపించండి" అన్నారట. అలా నా దగ్గరికి వచ్చారు.

నేను వైట్‌ఫీల్డ్ వైపు కుటుంబ కౌన్సెలింగ్ చేస్తాను. కాడుగోడి, కుందలహళ్లి, మారతహళ్లి చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువ కాబట్టి నా పని చాలావరకు తెలుగులోనే నడుస్తుంది. ఈ తరహా ఇల్లు నాకు బాగా తెలిసిందే. కొడుకూ కోడలూ ఐటీ, ఒక చిన్నపిల్ల, ఆ పిల్ల కోసం ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ, ఊళ్లోనే ఉండిపోయిన తాతయ్య. అరవైకి అటూ ఇటూగా ఉన్న భార్యాభర్తలు చెరో రాష్ట్రంలో ఏళ్ల తరబడి బతుకుతారు. దాన్ని విడిగా ఉండటం అని ఎవరూ అనరు, "మనవరాలి దగ్గరుంది" అంటారు.

ఈ కేసు రాయడానికి ఇంట్లో నలుగురూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను, పేర్లు వాడలేదు. పెద్దావిడ మాత్రం "బస్సు సంగతి తప్పకుండా రాయమ్మా" అన్నారు. అందుకని బస్సు సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదటి రోజు

కోడలే మాట్లాడింది. "అత్తయ్యకి ఊరి మీద బెంగండి. నాలుగేళ్ల నుంచి మా పాప కోసం ఇక్కడ కట్టుబడిపోయారు. మామయ్యగారు అక్కడ ఒక్కరే వండుకుంటున్నారు. వచ్చే జూన్ నుంచి పాప సాయంత్రం దాకా స్కూల్లోనే ఉంటుంది, అప్పుడు అత్తయ్యని పంపించేద్దామని వినాయకచవితి నాటికే అనుకున్నాం. అప్పటిదాకా కాస్త నిద్రపట్టేలా ఏదైనా చేయండి."

కొడుకు తలూపాడు. "నాన్న నోరు తెరిచి అడగడు గానీ ఆయనకీ కష్టంగానే ఉంది."

పెద్దావిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మీరేమంటారని అడిగితే "వాళ్లు చెప్పిందే" అన్నారు.

నా నోట్సులో ఆ రోజు రాసుకున్నది ఒకటే ముక్క: ముగ్గురూ మాట్లాడారు, తన గురించి ఎవరూ చెప్పలేదు. కోడలు అత్తగారి బెంగ చెప్పింది, కొడుకు తండ్రి కష్టం చెప్పాడు, అత్తగారు వాళ్లిద్దరి మాటా తన మాటే అన్నారు. ప్రేమ లేని ఇల్లు కాదు. ఒకళ్ల మీద ఒకళ్లకున్న ప్రేమే ఎవరినీ అడగకుండా నిర్ణయాలు తీసేసుకుంటోంది.

దిగులు ఏ మేరకు ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టికను తెలుగులో చదివి వినిపించాను. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాలి. ఆవిడకు 12 వచ్చింది. చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా. దాన్ని మాటల్లో మళ్లీ అడిగి రూఢి చేసుకున్నాను, ఎందుకంటే మన పెద్దవాళ్లు ఆ ప్రశ్నకు "అబ్బే" అనేసి ఊరుకుంటారు. ఎవరో రాసిచ్చిన నిద్రమాత్ర రోజూ సగం వేసుకుంటున్నారని తెలిసింది. ఆ వయసులో నిద్రమాత్రల మత్తుకు రాత్రిపూట బాత్రూమ్‌కి లేచి పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఒక్కసారిగా ఆపకూడదు కూడా. సైకియాట్రిస్టుకి చూపించాం. ఆయన మాత్రను మెల్లగా తగ్గించే పద్ధతి రాసి, దీన్ని అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ (జీవితంలో వచ్చిన మార్పుకు మనసు సర్దుకోలేకపోవడం) కింద పెట్టారు. 2022 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ) ప్రకారం ఇది సాధారణంగా జీవితంలో ఒక పెద్ద మార్పు వచ్చిన నెల లోపు మొదలవుతుంది. ఆ మార్పు ఏమిటన్నదే మాకు తేలాల్సిన విషయం. ఇంట్లోవాళ్ల లెక్కలో అది నాలుగేళ్ల కిందట ఊరు వదిలి రావడం. కానీ మంట మొదలై మూడు నెలలే అయింది.

విడిగా

తర్వాతి వారం ఆవిడ ఒక్కరే వచ్చారు. కొడుకు క్యాబ్ బుక్ చేస్తే క్యాన్సిల్ చేయించి బస్సెక్కారట. చెప్పేటప్పుడు ముఖం వెలిగింది. సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన బీఎంటీసీ టికెట్ల కట్ట తీసి బల్ల మీద పెట్టారు. సిరా వెలిసిపోయి కొన్ని తెల్లకాగితాల్లాగే ఉన్నాయి. "ఎందుకు దాచారు?" అంటే, "మా ఆయన కండక్టరమ్మా, టికెట్టు పారేస్తే ఊరుకునేవాడు కాదు. దిగేదాకా దాచమనేవాడు. నేను దిగాక కూడా దాస్తన్నా" అని నవ్వారు.

భర్త నరసరావుపేట డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్లకు ఊళ్లు తిరిగిన మనిషి. ఆవిడ మాత్రం పెళ్లయిన దగ్గర్నుంచి ఇల్లు, పుట్టిల్లు, ఆస్పత్రి. కోటప్పకొండ కళ్లెదుటే ఉంటుంది, శివరాత్రికి ప్రభలు కట్టుకుని జనం బండ్లలో వెళ్తుంటే వాకిట్లో నిలబడి చూసేవారు. తిరునాళ్లకు స్పెషల్ బస్సులు వేస్తారు కాబట్టి ఆయనకు ఏటా ఆ రోజు డ్యూటీ. "కొండకి లక్షమందిని ఎక్కించుంటాడు. నన్నెక్కించలేదు."

బెంగళూరులో మూడో అంతస్తులో కోలారు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ స్నేహమయ్యారు. ఆవిడకు తెలుగూ కన్నడమూ రెండూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మన పెద్దావిడ ఏడో తరగతి చదివారు. కన్నడ అక్షరాలు, తెలుగు అక్షరాలు ఒకే పాత లిపి నుంచి వచ్చినవి కాబట్టి కొన్నాళ్లకే బస్సు బోర్డులు కూడబలుక్కుని చదివేయగలిగారు. ఈవిడ బోర్డు చదువుతుంది, ఆవిడ కండక్టరుతో మాట్లాడుతుంది. శనివారం కొడుకూ కోడలూ ఇంట్లో ఉంటారు కాబట్టి ఇద్దరూ 335ఈ ఎక్కి కాడుగోడి నుంచి మెజెస్టిక్ దాకా వెళ్లి, కె.ఆర్. మార్కెట్లో పూలు చూసుకుని సాయంత్రానికి వచ్చేస్తారు. కార్తీకంలో బసవనగుడి కడలెకాయి పరిషెకి (వేరుశనక్కాయల తిరునాళ్లకు) కూడా వెళ్లారు. పల్నాడు మనిషి బెంగళూరు వెళ్లి వేరుశనక్కాయలు కొనుక్కోవడం ఏంటని భర్త ఫోనులో ఎగతాళి చేశాడట.

ఏదో సాధించాలని కాదు. ఏ పనీ లేకుండా, ఎవరి అన్నం టైమూ గుర్తుపెట్టుకోకుండా, కిటికీ పక్కన కూర్చోవడం ఆవిడకు ఇష్టమని 57 ఏళ్లు దాటాక తెలిసింది, అంతే. ఇలాంటివి విన్నప్పుడు వెంటనే "మీరు ఒక పచ్చళ్ల వ్యాపారం పెట్టొచ్చు కదా" అనేవాళ్లు మనలో ఎక్కువ. పెద్దవాళ్ల సరదాకి కూడా ఒక ప్రయోజనం చూపించాలా?

ఆధార్ సంగతి

కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద ఆడవాళ్లకు మామూలు బస్సుల్లో ఉచితం. అయితే కర్ణాటక చిరునామా ఉన్న కార్డు చూపించాలి. కోలారావిడకు సున్నా టికెట్టు, ఈవిడకు డబ్బుల టికెట్టు. "డబ్బులకు కాదమ్మా. కండక్టరు రోజూ చూసే మనిషే. కార్డు చూసి, మీరు ఊరి నుంచి వచ్చారు కదమ్మా అంటాడు. నాలుగేళ్లయింది నేనొచ్చి."

వినాయకచవితి రోజుల్లో కొడుకుని అడిగారు, ఆధార్‌లో అడ్రస్ ఇక్కడికి మార్పించరా అని. వాడు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే "ఎందుకమ్మా ఇప్పుడు, జూన్లో ఎలాగూ వెళ్లిపోతావుగా" అన్నాడు. తనను పంపించేస్తున్నారన్న సంగతి ఆవిడకు తెలిసింది ఆ మాటతోనే.

అయినా ఊరుకోలేదు. ఇంట్లో మరొకరి అంగీకారంతో చిరునామా మార్చుకునే పద్ధతి ఆధార్‌లో 2023 జనవరి నుంచి ఉంది. 18 ఏళ్లు దాటిన ఎవరినైనా 'కుటుంబ పెద్ద'గా చూపించవచ్చు. బంధుత్వానికి ఇద్దరి పేర్లూ ఉన్న కాగితం పెట్టాలి. ఆ పెద్ద ఫోనుకి మెసేజ్ వెళ్తుంది, 30 రోజుల్లో ఒప్పుకోకపోతే దరఖాస్తు మూతపడుతుంది. కోలారావిడ కూతురు సాయం చేసింది. కొడుకు పాస్‌పోర్టులో తల్లి పేరు ఉంటుంది కదా, దాన్నే ఫొటో తీసి పెట్టారు. కన్నకొడుకుని కుటుంబ పెద్దగా చూపించి, ఆవిడ ఎదురుచూడటం మొదలుపెట్టారు. రోజూ సాయంత్రం వాడు షూ విప్పుతుంటే ముఖంలోకి చూసేవారట, ఏమన్నా అంటాడేమోనని. నెల గడిచింది, వాడేమీ అనలేదు. చూసే ఊరుకున్నాడని నిశ్చయించుకున్నారు.

నిద్ర పోయింది ఆ నెలలోనే.

కుటుంబ వృక్షం గీస్తున్నప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఆవిడ తల్లి ఆఖరి రోజుల్లో కొడుకుల ఇళ్ల మధ్య వంతులు తిరిగింది. నెల కాగానే సంచి సర్ది బస్టాండులో దించేవాళ్లు. "మా అమ్మని కూడా 'పంపిద్దాం' అనేవాళ్లమ్మా" అన్నారు. కోడలు అభిమానంతో వాడిన ఆ మాట ఈవిడ చెవికి వేరేగా వినిపించడంలో వింత లేదు.

మరి భర్త? ఇది అడగడానికి నేను తొందరపడలేదు, ఆవిడే చెప్పారు. ఆయన రిటైరయ్యాక రెండేళ్లు ఇద్దరే ఇంట్లో ఉన్నారు. రోజుకి పది మాటలు కూడా ఉండేవి కావు. ఆయన టీవీ, ఈవిడ వంట. బెంగళూరు వచ్చాక రాత్రి తొమ్మిదింటికి ఆయన ఫోను చేయడం మొదలైంది. మొదట్లో పప్పులో ఉప్పెంత అని. తర్వాత తర్వాత అరగంట, ముప్పావుగంట. డిపోలో ఎవరు పోయారు, ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, చిన్నప్పుడు వాళ్ల నాన్న తనను ఎలా కొట్టేవాడు, ఇలాంటివి. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో వినని కబుర్లు.

"ఆయనంటే ఇష్టం లేక కాదమ్మా. ఇంటికెళ్తే ఫోనుండదు కదా."

ఈ పనిలో చాలా మాటలు విన్నాను గానీ, మొగుడి దగ్గరికి వెళ్తే మొగుడు దూరమవుతాడన్న భయం అంత తేటగా చెప్పినవాళ్లు తక్కువ. ఇది ఊరి బెంగ కాదు. బెంగళూరు మోజూ కాదు. ఇక్కడ దొరికినవి రెండు: శనివారం బస్సు, రాత్రి తొమ్మిది. రెండూ జూన్లో పోతాయి. పైగా ఆ సంగతి చెప్పుకునే దారి లేదు. "ఇక్కడే ఉంటా" అంటే వినేవాళ్లకు "మొగుడు వద్దంట" అని వినిపిస్తుంది. నోటితో చెప్పలేనిది కడుపు చెప్పింది. మన దగ్గర పెద్దవయసు వాళ్లలో దిగులు ఒంటినొప్పుల రూపంలో రావడం కొత్తేమీ కాదు.

అందరూ కలిసి

భర్త నరసరావుపేట నుంచి వీడియో కాల్లో ఉన్నారు. ఇటలీలో మిలన్ కుటుంబ చికిత్సకుల బృందం 1980లో రాసిన పద్ధతి ఒకటుంది: ఒకరి గురించి ఇంకొకరిని అడుగుతూ, ఆ ఇంట్లో ఏ మాట ఎక్కణ్నుంచి ఎక్కడికి తిరుగుతోందో పట్టుకోవడం. ఒకరి తరఫున ఒకరు మాట్లాడే అలవాటున్న మన ఇళ్లకు అది అతికినట్టు సరిపోతుంది.

కోడల్ని అడిగాను: "మామయ్యగారి ఫోను పెట్టేశాక అత్తయ్య ఎలా ఉంటారు?" ఆమె ఆలోచించి, "నవ్వుకుంటూ వస్తారు" అంది. కాసేపాగి, "అవును, బెంగపడేవాళ్లు అలా రారు కదా" అని తనకు తానే అనుకుంది.

కొడుకుని అడిగాను: "నాన్న కష్టపడుతున్నారని ముందు ఎవరన్నారు?" గుంటూరులో ఉన్న అక్క. ఒకసారి వెళ్లినప్పుడు సింకులో అంట్లు చూసిందట. తెర మీద పెద్దాయన కల్పించుకున్నారు. "అంట్లు పొద్దున తోముతా. అదీ ఒక కష్టమేనా? మీ అమ్మని పంపమని నేనడిగానా?" "నువ్వేగా నాన్నా, మీ అమ్మ ఇష్టం అన్నావు?" "ఆవిడ ఇష్టం అంటే ఆవిడ ఇష్టమనే అర్థం."

అప్పుడు ఒక నియమం పెట్టాను. పది నిమిషాలు ఎవరూ ఇంకొకరి గురించి మాట్లాడకూడదు, ప్రతి మాటా 'నేను' అనో 'నాకు' అనో మొదలవ్వాలి. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడే మొదలుపెట్టారు: "నేను ఆధార్ మార్చమని పెట్టుకున్నా. నువ్వు ఒప్పుకోలేదు."

కొడుక్కి అర్థం కాలేదు. ఫోను తీసి మెసేజ్‌లలో వెనక్కి, వెనక్కి వెళ్లాడు. బ్యాంకులు, డెలివరీలు, ఓటీపీలు, వాటి మధ్యలో సెప్టెంబరు నాటిది దొరికింది. "ఇదా? ఆధార్ పేరుతో మోసం చేసేవాళ్ల మెసేజ్ అనుకున్నానమ్మా!" తర్వాత కోపం వచ్చింది. "ఒక్క మాట నన్నడగొచ్చుగా?"

"అడిగాగా."

ఆ మాటకు అతని దగ్గర జవాబు లేదు.

అక్కడితో అంతా సర్దుకుంటే ఇది రాయాల్సిన కేసే కాదు. తర్వాతి సిట్టింగ్‌లో కొడుకు, తల్లికి అన్యాయం చేశానన్న బాధలోనే, తండ్రి ముందు అడిగేశాడు: "అంటే అమ్మకి నాన్న దగ్గర ఉండటం ఇష్టం లేదా?" పెద్దాయన కాల్ కట్ చేశారు. నాలుగు రాత్రులు ఫోను రాలేదు. గుంటూరు అక్కయ్య రంగంలోకి దిగి "ఈ వయసులో నాన్నని వదిలేసి ఊళ్లు తిరుగుతావా" అని తల్లిని కడిగేసింది. మంట మళ్లీ మొదలైంది. "మీరే ఆయనకి నచ్చజెప్పండమ్మా" అని పెద్దావిడ బతిమాలారు. ఇంకోసారి అడిగారు. నేను ఒప్పుకోలేదు. వద్దనడం కష్టమే, కానీ ఈ ఇంట్లో మాటలు మోసేవాళ్లు ఇప్పటికే ఎక్కువైపోయారు. అన్నిటికన్నా బాగా మాట్లాడుకునేది ఫోనులోనే అయితే ఫోనులోనే చెప్పండి, ఈసారి మీరే చేయండి అన్నాను.

అయిదో రాత్రి ఆవిడ చేయకముందే ఆయన చేశారు, పులుసులో చింతపండు ఎంత నానబెట్టాలని. చింతపండు సంగతి చెప్పి, ఆ ఊపులోనే ఆవిడ మొత్తం చెప్పేశారు. చాలాసేపు అవతల మాట లేదట. తర్వాత, "రోజంతా టికెట్ టికెట్ అని అరిచి ఇంటికొస్తే నోరు తెరవబుద్ధయ్యేది కాదే. అదే అలవాటైపోయింది. నీ మీద కోపమనుకున్నావా ఇన్నాళ్లూ?"

అనుకున్నారు. ముప్పై ఎనిమిదేళ్లు అలాగే అనుకున్నారు.

కోడలి సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కేసుల్లో కోడలిని ఎవరూ అడగరు. విడిగా కూర్చున్నప్పుడు, "అత్తగారితో వెట్టి చేయించుకుంటున్నావు అని ఆఫీసులో ఒకరన్నారండి, అప్పట్నుంచి నిద్రలేదు" అంది. ఇంకాసేపటికి, "నా వంటింట్లో నాకు నచ్చినట్టు నేను ఉండాలని నాకూ ఉండదా?" అని ఏడ్చింది. రెండూ నిజమే. పంపించేద్దామన్న ఆలోచనలో అపరాధభావమూ ఉంది, తన ఇల్లు తనకు కావాలన్న కోరికా ఉంది. రెండోదానికి సిగ్గుపడి మొదటిదే పైకి చెప్పింది. ఈ మాట అత్తగారితో అంటే ఆవిడ, "శని ఆదివారాలు నువ్వే వండుకో తల్లీ, నాకు బస్సుంది" అన్నారట.

ఏం చేశారు

ఇలాంటప్పుడు కుటుంబాలు క్యాలెండర్ అడుగుతాయి, ఆర్నెల్లు ఇక్కడ ఆర్నెల్లు అక్కడ అని. చాలాచోట్ల అది పనిచేస్తుంది కూడా. పెద్దావిడ ఒప్పుకోలేదు. "నెలలు పంచొద్దు. వెళ్లాలనిపిస్తే వెళ్తా, రావాలనిపిస్తే వస్తా. రైలు టికెట్ నేనే తీసుకుంటా." తల్లి వంతులు గుర్తున్నాయి కాబట్టి నేను క్యాలెండర్ ఊసెత్తలేదు. కొడుకు టెన్షన్ పడ్డాడు, పాపకు ఏర్పాట్లు ఎలాగని. అది అతనూ భార్యా చూసుకోవాల్సిన లెక్క అని చెప్పాను. ఒక డే కేర్ మాట్లాడుకున్నారు, ఖర్చు బాగానే అవుతోంది.

సంక్రాంతికి పెద్దావిడ నరసరావుపేట వెళ్లారు. మొదటి రెండు వారాలు ఆవిడ భయపడినట్టే గడిచాయి. టీవీ, వంట, పది మాటలు. నాకు ఫోను చేసి "చెప్పానా" అన్నారు. తర్వాత ఒకరోజు విసుగొచ్చి ఒక్కరే బస్టాండుకి వెళ్లబోతే ఆయనా చొక్కా వేసుకుని వెంట వచ్చారు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం. మారని ఆధార్ అక్కడ పనికొచ్చింది. బస్సులో పక్కపక్కన కూర్చోగానే ఆయన మొదలుపెట్టారట: ఈ మలుపులో ఫలానా ఏడు టైరు పేలింది, ఈ స్టేజీలో ఒక ముసలమ్మ రోజూ చిల్లర ఎగ్గొట్టేది. "ఇంట్లో నోరు రాదు గానీ, బస్సెక్కితే ఆగడమ్మా" అన్నారు ఆవిడ. శివరాత్రికి కోటప్పకొండ కూడా వెళ్లారు, ఇద్దరూ ప్రయాణికులుగానే. జనంలో ఒళ్లు హూనమైందని, మళ్లీ వెళ్లనని ఆవిడ అన్నారు.

మార్చిలో బెంగళూరు తిరిగి వచ్చాక పీహెచ్‌క్యూ-9 మళ్లీ చేస్తే 4 వచ్చింది. నిద్రమాత్ర పూర్తిగా ఆగింది. భోజనం ఆలస్యమైతే మంట ఇప్పటికీ వస్తుంది, దానికి డాక్టరుగారి మాత్ర ఉంది. కొడుకు ఆధార్ దరఖాస్తు మళ్లీ పెట్టమన్నాడు, ఈసారి నిమిషంలో ఒప్పుకుంటానన్నాడు. ఆవిడ ఆలోచిస్తానన్నారు. ఇక్కడికి మారిస్తే అక్కడి ఉచితం పోతుంది. ప్రస్తుతానికి అక్కడ ఉచితంగా, ఇక్కడ డబ్బులిచ్చి తిరుగుతున్నారు.

మిగిలిపోయినవి ఉన్నాయి. పెద్దాయన పది రోజులు బెంగళూరు వచ్చి ఉన్నారు గానీ, లిఫ్టు ఎక్కి దిగడం తప్ప ఇక్కడ తనకేం పని లేదని వెళ్లిపోయారు, వెళ్లి తొమ్మిదింటికి ఫోను చేశారు. గుంటూరు కూతురికి ఈ ఏర్పాటు నచ్చలేదు. తల్లితో మాట్లాడుతోంది గానీ పొడిపొడిగా. తండ్రి ఒంటరిగా ఉంటే పేటలో ఏ అవసరమొచ్చినా ముందు పరుగెత్తేది తనే కాబట్టి ఆమె కోపంలో న్యాయం ఉంది, దాన్ని ఇంతవరకూ ఎవరూ వినలేదు. వచ్చే నెల ఆమెతో ఒక సిట్టింగ్ పెట్టుకున్నాం, అందులో తమ్ముడు తప్ప ఇంకెవరూ ఉండరు.